భీమిలి రోడ్డెక్కే ముందు

ఒరే చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు టిఫిన్ల ట్రైలర్ కొన్నావని, బొలెరో వెనక తగిలించుకుని భీమిలి బీచ్ రోడ్డులో పెడతావని చెప్పింది. నీ చేతి పెసరట్టు తిన్నవాణ్ణి, వ్యాపారం గురించి నాకు బెంగ లేదు. మీ అత్తకి కూడా నిద్రలేపి మరీ చెప్పాను. ఇంతలో మీ అమ్మ, "వెనక లైట్లు సరిగ్గా వెలగట్లేదట అన్నయ్యా, వీడియోలు చూసి వాడే బాగుచేసుకుంటాడట" అంది. అంతే, ఇంక నాకు నిద్ర పట్టలేదు.

గాజువాకలో ముప్పై ఏళ్లు బళ్ల వైరింగు చేసిన మావయ్య ఉన్నాడని గుర్తు రాలేదురా? ఇప్పటి బళ్లు ముసలాడికేం తెలుసు అనుకున్నావేమో. నీ బొలెరోలో ఉన్నదీ ఆ పన్నెండు వోల్టుల బ్యాటరీయే.

బల్బులు, ఫ్యూజు ముందు చూసే ఉంటావు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వెయ్యి. సిగరెట్ రేకు చుట్టావని తెలిస్తే మాత్రం వచ్చి చెవి మెలేస్తాను.

బండినీ ట్రైలర్‌నీ కలిపి ఉంచి తప్పు వెతకకు. ప్లగ్గు పీకేసి, ముందు బొలెరో సాకెట్ దగ్గర కూర్చో. ఏడు కన్నాలదైతే పక్కనే చిన్న అంకెలు ఉంటాయి, టార్చి వేస్తే కనబడతాయి. మామూలుగా ఒకటి ఎడమ ఇండికేటర్, నాలుగు కుడిది, ఆరు బ్రేకు, అయిదూ ఏడూ టెయిల్ లైట్లు, మూడు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. వైరు రంగుల్ని నమ్మొద్దు. నీకంటే ముందు ఎవడో చేతికందిన ముక్క వేసి కలిపి ఉంటాడు. టెస్ట్ లాంప్ ఉంటుంది కదా, వైరున్న చిన్న పరీక్ష బల్బు, దాని క్లిప్పు ఛాసిస్‌కి కాకుండా ఆ మూడో కన్నానికే పెట్టి ఒక్కొక్కటీ చూడు. ఎర్త్ కూడా అక్కడే తేలిపోతుంది. అన్నీ వెలిగితే బండి జోలికి పోకు. తర్వాత ట్రైలర్ ప్లగ్గుకి విడిగా ఒక బ్యాటరీ పట్టుకో. నెగటివ్ మూడుకి, పాజిటివ్ ఫ్యూజున్న వైరుతో మిగతా వాటికి. తప్పు ఏ వైపుందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా తెలీదు.

మీ అమ్మ పెళ్లయిన ఏడాది. పెళ్లిళ్లకి జనరేటర్ తిప్పే ఆసామి ఒకాయన జీపు వెనక ట్రైలర్‌తో షెడ్డుకి వచ్చాడు. దానికి రెండే దీపాలు, ఇండికేటర్లు లేవు. ఒక్కో దాంట్లో 21/5 వాట్ల బల్బు. లోపల రెండు ఫిలమెంట్లు, చిన్నది టెయిల్‌కి, పెద్దది బ్రేకుకి. ఎక్కడో వైరు తెగితే కలిపాను. లైటు వేస్తే ఎర్రగా కనబడింది. ఆపేసి బ్రేకు తొక్కించాను, అప్పుడూ కనబడింది. కాస్త నీరసంగా ఉంది గానీ బల్బు పాతదిలే అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండ, ముహూర్తాల రోజులు, వెనక ఇంకో నాలుగు బళ్లు కాచుకుని ఉన్నాయి. డబ్బులు తీసుకుని పంపేశాను.

ఆ నీరసం బల్బుది కాదురా. ట్రైలర్ ఎర్త్ వైరు తొడుగు లోపల తెగిపోయి ఉంది. ట్రైలర్ తగిలించే కొక్కెం గుండా పోదామన్నా దాని నిండా రంగూ గ్రీజూ. తిరిగి వెళ్లే దారి లేని కరెంటు దొంగదారి వెతుక్కుంది. టెయిల్ వేస్తే బ్రేకు ఫిలమెంట్‌లో దూరి, ఆ వైరు పట్టుకుని జీపులోకి ఎదురెక్కి, జీపు బ్రేకు బల్బుల మీదుగా ఎర్త్‌కి చేరుతోంది. బ్రేకు ఒక్కటే తొక్కితే టెయిల్ వైపు నుంచి పోతోంది. విడివిడిగా చూసినవాడికి రెండూ వెలిగినట్టే ఉంటాయి. రెండూ ఒకేసారి వేస్తే రెండు వైర్లలోనూ పన్నెండు వోల్టులే, కరెంటు ఎటూ కదలదు. దీపం పూర్తిగా ఆరిపోతుంది. అంటే రాత్రి లైట్లేసుకుని పోతున్న ఆ జీపు డ్రైవరు ఎప్పుడు బ్రేకు తొక్కితే అప్పుడు ట్రైలర్ వెనక చీకటి.

లంకెలపాలెం దాటాక గేదె అడ్డొచ్చిందట. అతను బ్రేకు వేశాడు. వెనక స్కూటర్ మీద, షిఫ్టు దిగి ఇంటికి పోతున్న కుర్రాడు. కాలు రెండు చోట్ల విరిగింది. "ముందున్న ఎర్రదీపం ఉన్నట్టుండి మాయమైపోయిందండి" అని చెప్తే ఎవరూ నమ్మలేదు, నిద్రమత్తు అన్నారు. మర్నాడు ఆసామి షెడ్డుకొచ్చి ఈ మాట నవ్వుతూ చెప్పాడు. నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ట్రైలర్ తెప్పించి లైటూ బ్రేకూ కలిపి వేసి చూశాను. కుర్రాడు చెప్పింది నిజమే.

అరటిపళ్లు పట్టుకుని, ఆ కుర్రాడున్న పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లాను. "ఎవరు బాబూ, మావాడితో పని చేస్తావా?" అని అడిగింది వాళ్లమ్మ. అవునన్నాను. పళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆసామికి చెప్పాను, మళ్లీ వైరింగు చేసిచ్చాను. ఆవిడకి మాత్రం నిజం చెప్పలేకపోయాను.

అందుకే చెప్తున్నా, ఎర్త్‌ని కొక్కానికి వదిలెయ్యకు. నిలబడ్డప్పుడు పని చేస్తుంది, గతుకు ఎక్కగానే పోతుంది. ప్లగ్గు మూడో పిన్ను నుంచి వెనక దీపాల దాకా తెల్లవైరు ఒకటి, మిగతావాటికంటే లావుది, విడిగా లాగు. వైరు తెగలేదని మీటరు వేసే కూత విని మోసపోకు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు కుయ్యిమంటుంది, కానీ రెండు బ్రేకు బల్బులు లాగే మూడున్నర ఆంపియర్లని ఆ పోగు మొయ్యలేదు. దీపం వెలుగుతుండగా మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది హోల్డర్ ఎర్త్‌కి పెట్టి వోల్టులు చూడు. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే దారిలో ఏదో జాయింటు కుళ్లింది.

మన ఊరి గాలి సంగతి తెలుసు కదా. సముద్రం పక్క తిరిగే బండి హోల్డర్ విప్పితే చాలు, పచ్చగా చిలుము. వైరు కొస కూడా కత్తిరించి చూడు. లోపల రాగి నల్లబడి ఉంటే మెరిసే చోటు దాకా కోసుకుంటూ వెళ్లు. ఉప్పుకాగితంతో రుద్ది, బిగించాక పైన కాస్త వేజిలిన్ పూయి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే వర్షాకాలం దాకా కూడా ఉండదు.

ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితాలు చూసుకో. వెనక రెండు మూలలా మెరిసే ఎర్ర స్టిక్కర్ అంటించు. అందం చెడుతుందని అనకు. రాత్రి పదకొండు దాటాక ఆ రోడ్డులో బైకు కుర్రాళ్లు ఎలా వస్తారో నువ్వే చెప్పావు నాకు, నువ్వూ వాళ్లలో ఒకడివిగా ఉన్న రోజుల్లో.

తిట్టాననుకోకు. మీ నాన్న ఉంటే ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు, నాకు అలా రాదు.

పని అయ్యాక చీకటి పడనివ్వు. మీ అమ్మని సీట్లో కూర్చోబెట్టి, లైట్లు వేసి ఉంచి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఎడమ ఇండికేటర్ వెయ్యమను. తర్వాత కుడిది. మూడూ కలిపి, అర్థమైందా? నువ్వు పది అడుగులు వెనక నిలబడి వీడియో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య