చుక్క, గీత, చతురస్రం: చిత్రకళపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. తెల్లని నేపథ్యం మీద నల్లని చతురస్రం, అంతకు మించి ఏమీ లేదు. అది ప్రపంచ ప్రసిద్ధి పొందిన చిత్రమట. ఏడో తరగతి చదివే మావాడు స్కేలు పెట్టి పది నిమిషాల్లో గీసేస్తానంటున్నాడు. ఇందులో గొప్పతనం ఏమిటి?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: మీరు చూసినది రష్యాకు చెందిన కజిమిర్ మలేవిచ్ 1915లో వేసిన ‘నల్ల చతురస్రం’ అయి ఉంటుంది. ముందుగా మీవాడికి ఒక మాట చెప్పండి. స్కేలు పెట్టి గీస్తే ఆ బొమ్మ రాదు. దాదాపు 80 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఆ కాన్వాస్ మీద నల్ల ఆకారపు అంచులు ఏవీ కాన్వాస్ అంచులకు సరిగ్గా సమాంతరంగా ఉండవు. చేతితో వేసిన చతురస్రం కనుక అది ఒక పక్కకు కొద్దిగా ఒరిగినట్టుంటుంది. పైగా ఫోనులో కనిపించే నున్నటి నలుపు అసలు బొమ్మలో లేదు. ఎండిన చెరువు అడుగులా రంగు అంతటా పగుళ్ళు వారింది. మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీ నిపుణులు 2015లో ఎక్స్‌రే తీయించి చూస్తే, ఆ నలుపు కింద అంతకు ముందు వేసిన రంగుల చిత్రాలు రెండు బయటపడ్డాయి. అంటే ఆయన ఖాళీ కాన్వాస్ మీద కాక, తన పాత బొమ్మల మీదే ఈ నలుపు పూశాడు.

ఇక గొప్పతనం సంగతి. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నగరంలో జరిగిన ‘0,10’ అనే ప్రదర్శనలో మలేవిచ్ ఈ చిత్రాన్ని మిగతా వాటి వరుసలో పెట్టకుండా, గది మూలలో, పైకప్పుకు దగ్గరగా తగిలించాడు. రష్యన్ల ఇళ్ళలో పవిత్ర చిత్రపటాన్ని ఉంచేది ఆ మూలలోనే. మన ఇంట్లో ఈశాన్యాన ఉన్న దేవుడి పటం తీసి అక్కడ నల్ల అట్ట ఒకటి తగిలిస్తే ఇంటికి వచ్చిన పెద్దలు ఏమంటారో ఊహించుకుంటే, ఆనాటి సందర్శకుల పరిస్థితి కొంత అర్థమవుతుంది.

పిల్లవాడు గీయగలడన్న మాటను నేను కాదనను. కానీ పిల్లవాడు చతురస్రం గీసి అక్కడ ఆగడు. పైన త్రికోణం పెట్టి ఇల్లు చేస్తాడు, లోపల తలుపు పెడతాడు, పక్కన కొబ్బరిచెట్టు వేస్తాడు. చతురస్రం దేనికీ బొమ్మ కానక్కరలేదు, అది చతురస్రంగానే ఉండవచ్చు అని చెప్పి అక్కడ చెయ్యి తీసేయడమే మలేవిచ్ చేసిన పని. చూడగానే నచ్చే చిత్రం కాదని ఒప్పుకుంటాను. నాకు కూడా అది కళ్ళకు ఇంపుగా ఉన్న చిత్రంగా కంటే, గట్టిగా వేసిన ఒక ప్రశ్నగానే గుర్తుంటుంది.

ప్రశ్న: సంక్రాంతి నెలంతా మా వీధిలో సందు చుక్కలు, సరి చుక్కలు పెట్టి ఎంతో లెక్కగా ముగ్గులు వేస్తాము. మన సవర గిరిజనుల గోడ బొమ్మల్లోనూ త్రిభుజాలూ గీతలే ఉంటాయి. వీటిని ‘జ్యామితీయ నైరూప్యకళ’ అనవచ్చునా? లేక ఆ పేరు విదేశీయుల చిత్రాలకేనా?
– ఒక ఉపాధ్యాయిని, టెక్కలి

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు ఒకే చోట ఉన్నాయి కనుక విడదీసి చూద్దాం. జ్యామితి ఉండటం ఒకటి, నైరూప్యం కావడం, అంటే ఏ వస్తువుకూ బొమ్మ కాకపోవడం, మరొకటి.

సవరల బొమ్మలతో మొదలుపెడదాం. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న సీతంపేట కొండల్లోనూ, సరిహద్దుకు ఆవల ఒడిశాలోనూ, ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యపు పిండితో ఈ బొమ్మలు వేస్తారు. మనిషి ఒళ్ళు త్రిభుజాలతో, కాళ్ళూ చేతులూ సన్నని గీతలతో తయారవుతాయి. అయితే అందులో ప్రతి ఆకారమూ ఎవరో ఒకరు: గుర్రం మీద వెళ్ళేవాడు, నాట్యం చేసేవాళ్ళు, సూర్యుడు, చెట్టు, చనిపోయిన పూర్వీకుడు. చుట్టూ గీసిన చట్రం కూడా వాళ్ళు ఉండే ఇల్లే. అంటే ఇక్కడ జ్యామితి పుష్కలంగా ఉన్నా నైరూప్యం లేదు. ఆ త్రిభుజాన్ని ‘త్రిభుజం’ అని పిలిస్తే బొమ్మ వేసినవారే ఒప్పుకోరు.

ముగ్గుల విషయం ఇంకా చిక్కుది. 15 చుక్కలు పెట్టి, సందు చుక్కతో 8 వరకు తగ్గించి, చుక్కలు కలుపుతూ తామరపువ్వులో దీపాలో చేపలో తెచ్చే ముగ్గు రూపం ఉన్న బొమ్మే. కనుమనాడు వేసే రథం ముగ్గయితే చెప్పనే అక్కరలేదు. తాడు గీసి పక్కింటి ముగ్గుకు కలుపుతాము కనుక అది రథమే అని పిల్లలకు కూడా తెలుసు. కానీ మెలికల ముగ్గు చూడండి. గీత చుక్కను తాకకుండా, చుట్టి వస్తూ, ఎక్కడ బయలుదేరిందో అక్కడికే చేరుతుంది. అది పువ్వూ కాదు, పిట్టా కాదు. చుక్కకూ గీతకూ మధ్య ఉన్న దూరం, మలుపుల్లో ఉన్న ఒడుపు, ఇవే దానిలోని విషయం. బొమ్మగా చూస్తే అది మీరడిగిన కళకు చాలా దగ్గరది.

మరి తేడా ఎక్కడుంది? దారిలో ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన పీట్ మాండ్రియన్ మొదట అందరిలాగే చెట్లు వేశాడు. 1908–10 నాటి ఎర్రచెట్టులో కొమ్మలు కొమ్మల్లాగే ఉంటాయి. 1911 నాటి బూడిదరంగు చెట్టులో కొమ్మలు వంపు గీతలయ్యాయి. 1912లో వేసిన పూసిన ఆపిల్ చెట్టులో గీతలే మిగిలాయి, చెట్టును మనమే వెతుక్కోవాలి. ఆ తర్వాత కొన్నేళ్ళకు వంపులు కూడా పోయి నిలువు, అడ్డం గీతలూ, ఎరుపు, పసుపు, నీలమూ మిగిలాయి. ఈ మూడు చెట్లనూ పక్కపక్కన పెట్టి మీ తరగతి పిల్లలకు చూపించండి. నేను ఎంత రాసినా అంత స్పష్టంగా చెప్పలేను. ఆయన ఒక్కొక్కటే వదులుకుంటూ అక్కడికి వెళ్ళాడు. మెలికల ముగ్గుకు వదులుకోవలసిన చెట్టు మొదటి నుంచీ లేదు. కళా చరిత్రలో ఆ పేరు ఈ వదులుకోవడానికి పెట్టినది కనుక ముగ్గుకు దానిని తగిలించడం నాకు అంత నచ్చదు. ముగ్గుకు ముగ్గు అనే పేరు చాలదా?

ఇది విదేశీయుల సొత్తు మాత్రం కాదు. 1922లో మధ్యప్రదేశ్‌లో పుట్టిన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా, చిన్ననాడు కుదురుగా కూర్చోలేకపోతే బడిలో పంతులుగారు గోడ మీద ఒక చుక్క పెట్టి దానినే చూడమన్నారని చెప్పేవారు. పారిస్‌లో చాలా ఏళ్ళు ప్రకృతి దృశ్యాలు వేశాక, 1980 ప్రాంతంలో ఆ చుక్కే ‘బిందువు’గా ఆయన చిత్రాల మధ్యకు వచ్చింది. మన తెలుగువారిలో కరీంనగర్ ప్రాంతపు పి.టి. రెడ్డి తాంత్రిక పూజలో వాడే యంత్రాల (రేఖాచిత్రాల) వృత్తాలనూ త్రికోణాలనూ తీసుకుని చిత్రాలు వేశారు. వీరిద్దరికీ ఆ ఆకారాల్లో అర్థాలున్నాయి. మలేవిచ్ పద్ధతికి అది పూర్తిగా సరిపోదు, సరిపోవలసిన అవసరమూ లేదు.

ప్రశ్న: సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇరవై రెండేళ్ళు టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లతో ట్రేసింగ్ పేపరు మీద ప్లాన్లు గీశాను. నస్రీన్ మొహమ్మది అనే చిత్రకారిణి కూడా ఇవే పరికరాలు వాడారని చదివాను. ఆమె గీతలు మ్యూజియానికి వెళితే నావి మున్సిపల్ ఆఫీసు బీరువాకు ఎందుకు వెళ్ళాయి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ ప్రశ్న చదివి నవ్వాను కానీ, ఇది తేలికైన ప్రశ్న కాదు. నస్రీన్ మొహమ్మది 1937లో కరాచీలో పుట్టి, 1972 నుంచి బరోడా విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించి, 1990లో మరణించారు. చిన్న కాగితాల మీద పెన్సిలుతో, ఇంకుతో గీసిన ఆమె చిత్రాల్లో చాలావాటికి పేరూ లేదు, తేదీ కూడా లేదు. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ మ్యూజియం తెరిచినప్పుడు తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆమెదే.

మీ ప్లానులో గోడకు మందపు గీత, కనిపించని అంచుకు తెంపు గీత, మధ్యరేఖకు చుక్కా గీతా అని నియమం ఉంటుంది. ఆ నియమం తెలిసిన మేస్త్రి ఎవరైనా ఒకే గోడ కడతాడు. కట్టకపోతే ప్లాను తప్పు. నస్రీన్ కాగితంలో గీత పలచబడితే దాని అర్థం చెప్పే పట్టిక లేదు. సమాన దూరంలో వెళుతున్న గీతల మధ్య ఒకచోట దూరం కొద్దిగా పెరిగితే, కాగితం అక్కడ లోపలికి జారినట్టు అనిపిస్తుంది. అలా అనిపించడం కోసమే ఆ గీత. ఒక పని చేసి చూడండి: మీ పాత ప్లాను ఒకటి తీసి కొలతలు, స్కేలు, ఉత్తరం గుర్తు, గదుల పేర్లు వదిలేసి గీతలు మాత్రం వేరే కాగితం మీదకు ఎక్కించండి. మిగిలినది చూడాలనిపిస్తుందో లేదో మీ కంటికే తెలుస్తుంది.

మీ వృత్తి దగ్గర కళే అప్పు తెచ్చుకున్న సందర్భమూ ఉంది. అమెరికాకు చెందిన సోల్ లెవిట్ యువకుడిగా ఆర్కిటెక్టు ఐ.ఎం. పెయ్ కార్యాలయంలో పనిచేశాడు. 1968 నుంచి ఆయన గోడ చిత్రాలకు గీతలు ఎలా గీయాలో సూచనలు రాసి ఇస్తే, చాలా వరకు ఇతరులు గోడ మీద గీసేవారు. ప్రదర్శన అయ్యాక దాని మీద సున్నం వేసేసినా బాధ లేదు, సూచన ఉంది కనుక మరో ఊరిలో మళ్ళీ గీయవచ్చు. ప్లాను ఒకరిది, తాపీ మరొకరిది అన్నమాట.

ప్రశ్న: కొత్త ఇంటి హాల్లో రంగు గళ్ళ పెయింటింగు ప్రింటు తగిలించాము. గృహప్రవేశానికి వచ్చిన మా పెద్దబావగారు అది తలకిందులుగా ఉందంటున్నారు. తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీరు సిగ్గుపడనక్కరలేదు. మాండ్రియన్ 1941లో రంగు టేపులు అంటించి చేసిన ‘న్యూయార్క్ సిటీ 1’ దశాబ్దాల పాటు తలకిందులుగానే వేలాడిందని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం వారే 2022లో వెల్లడించారు. ఆయన స్టూడియోలో తీసిన పాత ఫోటోలో దగ్గరదగ్గరగా ఉన్న గీతలు పైన ఉంటే, మ్యూజియంలో కింద ఉన్నాయి. టేపులు ఊడే ప్రమాదం ఉందని ఇప్పుడు తిప్పకుండా అలాగే ఉంచారు. మీ ప్రింటులో ఏ మూలనైనా సంతకమో అక్షరాలో ఉంటే అవి నిటారుగా కనిపించే వైపే సరైనది. లేకపోతే వారం రోజులు ఒక విధంగా, వారం రోజులు మరో విధంగా తగిలించి, కంటికి కుదిరినట్టు ఉంచుకోండి. పెద్దబావగారు భోజనానికి వచ్చే రోజున మాత్రం ఆయన చెప్పినట్టే తిప్పండి.