ముందు పడటం నేర్పే క్లబ్బు ఏదో చూడండి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. రోజంతా సోఫా మీద నుంచి పిల్లిమొగ్గలే. జిమ్నాస్టిక్స్‌లో చేర్పిద్దామని కూకట్‌పల్లి వైపు రెండు క్లబ్బులు చూశాం. ఇంటి పక్కనే ఉన్నది ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడుస్తోంది. ఆరు నెలల్లో బ్యాక్‌ఫ్లిప్ వచ్చేస్తుందని, ఏడాది ఫీజు ఒకేసారి కట్టమని అంటున్నారు. రెండోది పన్నెండు కిలోమీటర్ల దూరం. అక్కడ మొదటి మూడు నెలలు దొర్లడం, దూకి దిగడం తప్ప ఏమీ ఉండదట. దానికోసం అంత దూరం తిప్పాలా? పైగా పాపవి చదును పాదాలు. ఇందులో తనకు భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మీకు నిరాశ కలిగించిన ఆ మూడు నెలల మాటే రెండో క్లబ్బుకు పెద్ద అర్హత. జిమ్నాస్టిక్స్‌లో పిల్లలకు దెబ్బలు ఎక్కువగా తగిలేది గాల్లో కాదు, నేలకు తాకే క్షణంలో. అందుకే తెలిసిన కోచ్ దిగడం, పడటం ముందు నేర్పి, పల్టీల జోలికి తర్వాత వెళతారు.

ఆ మూడు నెలల్లో ఏం నేర్పుతారో చూడండి. అడుగు ఎత్తున్న పెట్టె మీద నుంచి దూకి, పాదాలు నడుమంత వెడల్పున ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు ముందుకు చాచి రెండు మూడు సెకన్లు కదలకుండా నిలబడాలి. మోకాళ్లు లోపలికి ముడుచుకుపోతుంటే కోచ్ అక్కడే ఆపి పెట్టె ఎత్తు తగ్గించాలి. ఇక వెనక్కి పడటం. పిల్లలు సహజంగా చేతులు వెనక్కి పెట్టి, మోచేతులు బిగించి నేలను ఆపబోతారు. మోచేయి విరగడానికో, కీలు తప్పడానికో అదే కారణం. చేతులు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, గడ్డం లోపలికి లాక్కుని, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లిపోవడం వందలసార్లు చేయిస్తేనే అది అలవాటుగా మారుతుంది. ముందుకు దొర్లేటప్పుడు నడినెత్తి మ్యాట్‌కు ఆనకూడదు, మెడ వెనుక భాగం, భుజాలు ఆనాలి. అందుకే మొదట్లో ఏటవాలు మ్యాట్ మీద చేయిస్తారు.

ఆరు నెలల్లో బ్యాక్‌ఫ్లిప్ మాట ఇచ్చిన చోట సాధారణంగా జరిగేది ఇది: కోచ్ నడుము పట్టుకుని పాపను తిప్పేస్తారు. వీడియో బాగానే వస్తుంది. తనకు వచ్చేసిందనుకుని పాప ఇంట్లో మంచం మీద ఒంటరిగా చేస్తుంది. పల్టీ సగంలో ఆగి చేతులు కింద ఆనించాల్సి వస్తే, అప్పటికి అవి శరీర బరువు మోసేంత బలపడి ఉండవు. చేతులు వంగాయంటే తల నేలకు తగులుతుంది. చేతుల మీద వెనక్కి వెళ్లే హ్యాండ్‌స్ప్రింగ్‌కే ముందు గోడకు పొట్ట ఆనించి అర నిమిషం హ్యాండ్‌స్టాండ్, అంటే చేతుల మీద తలకిందులుగా, నిలబడాలి, మోచేతులు వంచకుండా బ్రిడ్జ్ వేయాలి, అంటే చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము వంతెనలా పైకెత్తాలి, కోచ్ చేయి లేకుండా వెనక్కి దొర్లి లేవాలి. ఇవన్నీ ఎన్ని నెలల్లో వస్తాయో పాపను చూడకుండా ఎవరూ చెప్పలేరు. తేదీ చెప్పి పల్టీ నేర్పుతామన్న క్లబ్బును నమ్మకండి.

రెండు చోట్లకూ ముందు చెప్పకుండా, క్లాసు నడిచే సమయంలో మళ్లీ వెళ్లండి. వేసవి క్యాంపు రోజుల్లో వద్దు, అప్పుడు ఎక్కడైనా రద్దీయే. చెప్పులు విప్పి మ్యాట్‌ల మీద నడవండి. మడమతో గట్టిగా నొక్కితే కింది గచ్చు తగులుతోందా? రెండు మ్యాట్‌ల మధ్య వేలు దూరుతోందా? అలాంటి సందులోనే చీలమండ మడత పడుతుంది. కరాటే క్లాసుల్లో పజిల్ ముక్కల్లా అతికించే రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్ షీట్లు దొర్లడానికి పనికొస్తాయేమో గానీ, ఎత్తు నుంచి దిగడానికి కాదు. పోటీల్లో పరికరాల కింద వేసే ల్యాండింగ్ మ్యాట్ మందం 20 సెంటీమీటర్లు. సెల్లార్ అన్నారు కాబట్టి పైకి కూడా చూడండి: స్తంభాలకు మెత్త చుట్టారా, సీలింగ్ ఫ్యాన్ ఎంత ఎత్తులో ఉంది, ట్రాంపొలిన్ స్ప్రింగులు కప్పి ఉన్నాయా, దాని మీదకు ఒకసారి ఒక్కరినే ఎక్కిస్తున్నారా? పోటీల్లో వాడే బీమ్, అంటే పైన నడిచే సన్నటి దూలం, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు. కొత్త పిల్లలు నేల మీద గీసిన గీతతో మొదలుపెట్టి, జానెడు ఎత్తు బీమ్, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. తక్కువ ఎత్తు బీమే లేని చోట ఆ మెట్లు ఎక్కించరు.

తర్వాత సాగదీయించే తీరు చూడండి. స్ప్లిట్‌లో, అంటే కాళ్లు రెండు వైపులా నేలకు చాచి, ఉన్న బిడ్డ భుజాల మీద కోచ్ బరువు వేసి నొక్కుతుంటే, బిడ్డ ఏడుస్తుంటే, అదే చాలు, బయటికి వచ్చేయండి. తొడ కండరం చిరిగితే నెలల తరబడి ఆట ఆగిపోతుంది. ఆరేడేళ్ల పిల్లలు ఒక్కో కోచ్‌కు ఎనిమిది మందికి మించకుండా ఉంటే మంచిది. వరుసలో నిలబడి వంతు కోసం చూసే సమయం చేసే సమయం కంటే ఎక్కువైతే, మీ డబ్బు ఆ వరుసకే పోతున్నట్టు. పట్టుకుని నేర్పే ఆట కాబట్టి కోచ్ పిల్లలను తాకక తప్పదు. ఎక్కడ, ఎందుకు పట్టుకుంటారో ముందే తల్లిదండ్రులకు చూపించాలి. తలుపులు మూసి, తల్లిదండ్రులను చూడనివ్వని చోట ఎన్ని పతకాలున్నా చేర్పించకండి.

కోచ్ అర్హత మొహమాటం లేకుండా అడగండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ, అందరూ ఎన్ఐఎస్ అనేది, జిమ్నాస్టిక్స్‌లో డిప్లొమా ఇస్తుంది. సర్టిఫికెట్‌లో క్రీడ పేరు చదవండి, వేరే ఆటలో ఎన్ఐఎస్ చేసినవాళ్లు కూడా ఆ బోర్డే పెడతారు. క్లబ్బు పిల్లలు ఏ జిల్లా సంఘం ద్వారా రాష్ట్ర పోటీలకు వెళుతున్నారో అడగండి. గుర్తింపు లేని సంస్థలు ‘నేషనల్’ పేరుతో పోటీలు పెట్టి, ఎంట్రీ ఫీజు తీసుకుని, వచ్చినవాళ్లందరికీ పతకాలిస్తుంటాయి. వాళ్లిచ్చే సర్టిఫికెట్లు స్పోర్ట్స్ కోటాలో చెల్లవు. పదేళ్ల తర్వాత ఆ సంగతి తెలిసి బాధపడే కుటుంబాలు చాలానే ఉన్నాయి.

చదును పాదాలకు భయపడకండి. 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి లేచే విభాగం) ఫైనల్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం చేజార్చుకున్న దీపా కర్మాకర్‌వీ చదును పాదాలే. నేల మీద తువ్వాలును కాలివేళ్లతో దగ్గరికి లాగడం, మునివేళ్ల మీద నడవడం రోజూ ఐదు నిమిషాలు చేయించండి. నొప్పి ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాకే చేర్చండి.

భవిష్యత్తు గురించి. మహిళల సీనియర్ అంతర్జాతీయ పోటీల్లో ఆడాలంటే ఆ ఏడాదికి పదహారేళ్లు నిండాలి. అంటే పాపకు పదేళ్ల సమయం ఉంది, తొందరపెట్టే వాళ్లకు ఆ తొందర దేనికో అడగండి. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచిన బుడ్డా అరుణారెడ్డి మన హైదరాబాద్ అమ్మాయే, కరాటే నుంచి ఈ ఆటలోకి వచ్చింది. నిజంగా ముందుకెళ్లేలా ఉంటే హకీంపేటలోని తెలంగాణ స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతిలో పిల్లలను తీసుకుంటుంది. నిలబడి దూకడం, షటిల్ రన్, 800 మీటర్ల పరుగు, శరీరం వంగే గుణం లాంటివి పరీక్షిస్తారు. అది హాస్టల్ చదువు, కాబట్టి పాప మనసు కూడా చూసుకోవాలి. అక్కడిదాకా వెళ్లకపోయినా ఇప్పుడు నేర్చుకున్న బ్యాలెన్స్, బలం డైవింగ్‌కు, పోల్‌వాల్ట్‌కు, నాట్యానికి పనికొస్తాయి. దీనిమీదే జీవనం అనే లెక్క మాత్రం ఇప్పుడు వేయకండి, చదువు చదువుగానే సాగాలి.

దూరం సంగతి. ఈ వయసుకు వారానికి రెండు రోజులు, గంట చొప్పున చాలు. శని, ఆదివారాల్లో పెట్టుకుంటే పన్నెండు కిలోమీటర్లు భారం కాదు. తర్వాత్తర్వాత కూడా వారం మొత్తం మీద శిక్షణ గంటలు పిల్లల వయసు సంఖ్యను దాటకూడదని క్రీడావైద్యులు చెబుతారు. మణికట్టు, మడమ, నడుము నొప్పి అంటే బద్ధకం అనుకోకండి. ఎదిగే ఎముకల చివర గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది, పదేపదే బరువు పడితే ముందు దెబ్బతినేది అదే. వెనక్కి వంగినప్పుడు నడుము నొప్పి రెండు వారాలు తగ్గకపోతే క్లాసు మాన్పించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

దూరం క్లబ్బులో ముందు ఒక్క నెల ఫీజు మాత్రమే కట్టండి. పంపే రోజు గాజులు, పట్టీలు, చెవి రింగులు, మెడలో దిష్టితాడు తీసేయండి, జుట్టు గట్టిగా జడ వేయండి. గుండీలు, జిప్పులు లేని ఒంటికి అంటుకునే టీషర్టు, షార్ట్ చాలు, జిమ్నాస్ట్‌లు వేసుకునే బిగుతు దుస్తులు, లియొటార్డ్, ఇప్పుడే కొనక్కర్లేదు. కాళ్లకు సాక్సులు వద్దు, జారతాయి. నెల తిరిగాక ఇంట్లో పరుపును నేల మీద వేసి, ‘వెనక్కి పడి చూపించమ్మా’ అనండి. చేతులు వెనక్కి పోకుండా, గడ్డం లోపలికి పెట్టుకుని దొర్లితే రెండో నెల ఫీజు కట్టేయండి.