మారుతి 800 స్టీరింగ్‌ల ప్లే: రాక్ మార్చే ముందు ఎక్కడెక్కడ చెయ్యి పెట్టి చూడాలె

అన్నా, నీ ప్రశ్న మొత్తం చదివిన. 2008 మారుతి 800, జడ్చర్ల నుంచి పాలమూరు పోయేటప్పుడు గుంతల్ల స్టీరింగ్ కింద టక్ టక్ అంటున్నది, స్టీరింగ్ జర ఆడుతున్నది, మెకానిక్ చూసి రాక్ (స్టీరింగ్ తిప్పితె అటు ఇటు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మొత్తం మార్చాలె అన్నడు, నిజంగ రాకేనా కాదా ఎట్ల తెలుసుకోవాలె అని అడిగినవ్. నాది నల్లగొండ, మా ఇంట్ల గూడ 800 ఉన్నది, నీ దానికంటె పాతది, బత్తాయి తోటకు అదే, పెళ్లిళ్లకు అదే, దాని ముందట చక్రాల కాడ పండుకున్నంత సేపు మంచంల గూడ పండుకోవు అంటది మా ఆవిడ. రాక్ పోలేదని నేను అంటలేను, పోయి ఉండొచ్చు, కాని ప్లే, అంటె లూజు, ఏ జాయింట్ల ఉన్నదో చేతికి దొరకకముందే రాక్ మీద పైసలు పెట్టకు. స్టీరింగ్ నుంచి టైరు దాక మధ్యల ఆరేడు జాగల లూజు రావచ్చు, పైన కూసున్నోనికి అన్నీ ఒక్క తీరుగనే అనిపిస్తయి.

టైర్ల గాలి ముందు సరిచేసుకో, అది చెప్పాల్సిన పని లేదనుకుంట. ఇగ మనోళ్లు చాలామంది ఫస్టే జాకీ ఎత్తుతరు, ఎత్తకు. బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే టైరు నేలను పట్టుకొని ఉంటది, స్టీరింగ్ తిప్పితే ఆ గుంజుడు ప్రతి జాయింట్ మీద పడి ఎక్కడ లూజుంటె అక్కడ బయటపడ్తది, ఎత్తిన చక్రమైతే స్టీరింగ్‌తోని పాటే తేలికగ తిరుగుతది, చిన్న ప్లే ఉంటె అందుల దాక్కుంటది. బండి సాపుగున్న జాగల పెట్టి హ్యాండ్ బ్రేక్ గుంజి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, ఒకల్ని సీట్ల కూసోబెట్టు. రెండు వేళ్లంత అటు, రెండు వేళ్లంత ఇటు ఆపకుండ ఊపుతుండాలె, అంతే, గట్టిగ తిప్పొద్దు, నీ చెయ్యి లోపల ఉంటది కాబట్టి. ఈ పనికి మా పిల్లగాడు మస్తు పనికొస్తడు, ఫోన్ మాత్రం చేతిల ఉండొద్దు. (పవర్ స్టీరింగ్ బండి అయితే ఇంజన్ చాలు చేసి, న్యూట్రల్‌ల పెట్టి ఊపాలె, నీదానికి ఆ బాధ లేదు.)

వాళ్లు ఊపుతుంటె నువ్వు టై రాడ్ ఎండ్ (రాక్ నుంచి చక్రానికి పోయే కడ్డీ బయటి కొసకున్న జాయింట్) పట్టుకో. ఎట్లనంటె, బొటనవేలు ఎండ్ డబ్బా మీద, మిగతా వేళ్లు అది బిగించి ఉన్న చక్రం దిక్కు ఆర్మ్ మీద, రెండింటిని కలిపి పట్టాలె. మంచిగుంటె రెండు ఒక్క ముక్క లెక్క కదుల్తయి. అరిగితె డబ్బా ముందు కదుల్తది, ఆర్మ్ తర్వాత కదుల్తది, ఆ మధ్యల చిన్న టక్కు బొటనవేలికి తగుల్తది, చెవికి వినబడకముందే వేలికి తెలుస్తది. అట్ల తగిలిందంటె కొంచెమే కదా అని ఊరుకోకు, మార్చుడే. రబ్బర్ క్యాప్ చినిగిందా గూడ చూడు, క్యాప్ పగిలితె మన ఎర్రమట్టి దుమ్ము, పొలం బాట బురద గ్రీజుల కలిసి లోపలి బాల్‌ను గరుకు కాయితం పెట్టి రుద్దినట్టు తినేస్తది, మెడ కాడ తుప్పు రంగు పొడి రాలుతుంటె లోపల గ్రీజు అయిపోయినట్టే. మా బండిల ఎడమ దిక్కుదే ముందు పోతది ఎప్పుడైనా, ఎదురుంగ లారీ వస్తె ఎడమ చక్రమే కదా తారు అంచు దిగి మట్టిల పడేది, అంచు జానెడు ఎత్తున్న రోడ్లు మన దిక్కు తక్కువేం లేవు.

తర్వాత లోపలి జాయింట్, రాక్ ఎండ్ అంటరు. అది బెల్లో (మడతల రబ్బర్ తొడుగు) లోపల ఉంటది, కంటికి కనబడది, బెల్లోను రాక్ మొదట్ల వేళ్లతోని నొక్కి పట్టి లోపల కదలిక చూడు, అక్కడ టక్కు తగిలితె రాక్ ఎండ్ ఒక్కటే మార్చొచ్చు, రాక్ మొత్తం అక్కర లేదు. బెల్లో చినిగి నీళ్లు పోతె మాత్రం రాక్ పళ్ల మీద తుప్పు పట్టి ఉంటది, అప్పుడు మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. ఇగ మూడోది, రాక్‌ను బాడీకి బిగించిన క్లాంపులు, వాటి రబ్బర్ బుష్‌లు. ఊపుతుంటె రాక్ గొట్టమే మొత్తం అటు ఇటు జరుగుతున్నదా చూడు, జరిగితె నీ టక్ టక్ దొరికింది, అన్నిట్లకంటె చౌక బేరం అదే.

పెడల్స్ కాడ వంగి స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్ గూడ పట్టుకో. పై సగం తిరిగినంక కింది సగం ఆలస్యంగ తిరిగితె ఆ జాయింటో, దాని బోల్టో లూజు. బోల్టు లూజని తేలితె బండి అక్కడి నుంచి తియ్యకు, బిగించినంకనే తియ్యి, అది జారిందంటె స్టీరింగ్ ఒక దిక్కు చక్రం ఒక దిక్కు. ఇవన్ని బాగుండి, షాఫ్ట్ తిరుగుతున్నా టై రాడ్ వెంటనే కదలకపోతె అప్పుడు అది రాక్ పినియన్‌ల (షాఫ్ట్ కొసకుండి రాక్‌ను జరిపే చిన్న పళ్ల చక్రం) ప్లే. కొందరు రాక్ కిందున్న అడ్జస్ట్ స్క్రూ బిగించి ప్లే తీసేసిన అంటరు, కాని రాక్ అరిగేది మధ్యల, మనం ఎక్కువ పోయేది సీదానే కదా, మధ్యల ప్లే పోయేదాక బిగిస్తె చివర్ల పట్టేస్తది, మలుపు తిప్పినంక స్టీరింగ్ తనంతట తాను వాపస్ రాదు. ఆ పని చెయ్యనీయకు.

ఇప్పుడు జాకీ. వెనక చక్రాలకు అడ్డం పెట్టి, బాడీ కింద స్టాండు పెట్టినంకనే చెయ్యి పెట్టు, ఇటుకలు పెట్టకు, ఇటుక చెప్పి పగలదు. చక్రాన్ని ఎడమ కుడి పట్టి ఊపితె స్టీరింగ్ దిక్కు లూజు తెలుస్తది, పైన కింద పట్టి ఊపితె బాల్ జాయింట్ కాని వీల్ బేరింగ్ కాని. ఆ రెండిట్ల ఏదో తేల్చాలంటె ఒకరిని బ్రేక్ తొక్కమను, తొక్కంగనే ఊగుడు బంద్ అయితె బేరింగ్, తొక్కినా ఊగుతనే ఉంటె లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే ఇనుప చెయ్యి) బాల్ జాయింట్, అది చిన్న ముచ్చట కాదు, ఊడితె చక్రం బయటికి పండుకుంటది.

800ల ఇంకోటున్నది, ముందటి స్టెబిలైజర్ బార్, మలుపుల బండి ఒరగకుండ పట్టే కడ్డీ. అది ఉత్త బార్ కాదు, లోయర్ ఆర్మ్‌ను ముందుకు ఎనకకు పోకుండ పట్టుకునేది గూడ అదే. దాని బుష్‌లు అరిగితె గుంతల టక్ అంటది, బ్రేక్ వేస్తె బండి ఒక దిక్కు గుంజుతది, నూటికి నూరుపాళ్లు స్టీరింగ్ పోయినట్టే అనిపిస్తది. మా మిర్యాలగూడ దోస్తుకు ఇండికల ఇట్లనే అయింది, ఒక కాడ రాక్ మార్పించిండు, చప్పుడు అట్లనే ఉన్నది, ఆఖరుకు చూస్తె స్ట్రట్ (స్ప్రింగ్‌తోని కలిసున్న ముందటి షాక్ అబ్జార్బర్) పైనున్న మౌంట్ బేరింగ్. నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటె కాయిల్ స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టినం, స్ప్రింగ్ పట్టి పట్టి టంగుమని ఎగురుతున్నది. చెయ్యి పెడితె అర నిమిషం పని, పైసలు మాత్రం అప్పటికే పోయినయ్.

నీ బండికి 15 ఏండ్లు దాటినయ్ కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఎట్లాగు ఫిట్‌నెస్ చూస్తరు. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌ల 98వ రూల్ ప్రకారం స్టీరింగ్ ప్లే 30 డిగ్రీలు మించొద్దు, లింకేజీ బాల్ జాయింట్లకు రబ్బర్ క్యాప్‌లు ఉండాలె, బోల్టులకు పిన్నులకు లాక్ ఉండాలె. 30 డిగ్రీలంటె 15 అంగుళాల స్టీరింగ్ అంచు మీద దగ్గర దగ్గర 10 సెంటీమీటర్లు! లారీలను ట్రాక్టర్లను గూడ కలిపి పెట్టిన లెక్క అది, 800ల బొటనవేలు వెడల్పు దాటిందంటె నేనైతె ఊరుకోను. ఫిట్‌నెస్‌ల పాస్ అయింది కదా అని ధీమాగ ఉండకు.

ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లు తిరిగి ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించమను, అలైన్‌మెంట్ దాక పోయేతందుకు బండి సీదగుంటది, ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతె కొత్త టైరు గూడ అంచు దిక్కు అరిగిపోతది. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండ పెట్టే పిన్ను) కొత్తదే వెయ్యాలె, రంధ్రం కలవకపోతె నట్టు ఇంకొంచెం బిగించి కలపాలె, వదులు చేసి కలిపేటోళ్లు ఉన్నరు, పక్కనే నిలబడి చూడు.

ఇవన్ని చూసినంక గూడ ప్లే రాక్‌లనే తేలితె మార్చు, అందుల అనుమానం లేదు. స్క్రాప్‌ల రాక్ చౌకగ దొరుకుతది అంటె మాత్రం బెల్లో ఎనకకు గుంజి పళ్లు చూసి, షాఫ్ట్ ఒక చివర నుంచి ఇంకో చివర దాక చేతితోని తిప్పి చూడు, మధ్యల వదులై చివర్ల బిగుసుకుంటె అది నీ పాత రాక్ అసొంటిదే, తీసుకోకు.