బినోదిని ఒక్కతే వేదిక మీద: రంగస్థలం, ప్రశ్నలు జవాబులు

కలకత్తా నటి, రచయిత్రి బినోదిని దాసి (1863–1941) మీద తెలుగులో ఏకపాత్ర నాటకం వేయబోతున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఆమె గురించి తెలియనివారి కోసం ముందు నాలుగు ముక్కలు. 1874 డిసెంబరులో, పదకొండేళ్ళ వయసులో, గ్రేట్ నేషనల్ థియేటర్‌లో ద్రౌపది చెలికత్తెగా తొలి వేషం కట్టింది. పన్నెండేళ్ళలో ఎనభైకి పైగా పాత్రలు వేసి, 1887 మొదలయ్యేసరికి ముఖానికి రంగు తుడిచేసింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆ తర్వాత కవిత్వం రాసింది; 'బాసనా' 1896లో, 'కనక్ ఓ నళిని' 1905లో వచ్చాయి. ఆత్మకథ 'ఆమార్ కథా' 1912లో అచ్చయింది.

పుట్టుక నుంచి చెప్పుకొస్తూ గంటంబావు స్క్రిప్టు రాశాం. చదువుతుంటేనే సాగుతోంది. ఎక్కడ కోయాలి? (విజయవాడ)

కోయడం కాదు, మొదలే మార్చండి. 'ఆమార్ కథా' ఉత్తరాల రూపంలో ఉంది. తన గురువు, నాటకకర్త గిరీశ్‌చంద్ర ఘోష్‌ని 'మహాశయ్' అని పిలుస్తూ రాసుకుంటూ పోతుంది. ఆ పుస్తకానికి గిరీశ్ ఒక ముందుమాట రాసిచ్చాడు. జరిగిన నిజాలు కొన్ని అందులో లేవని ఆమెకి నచ్చలేదు, మళ్ళీ రాయమంది. రాస్తానన్న మనిషి 1912 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఏముంటుంది? ఒక బల్ల, దీపం, సగం రాసిన ఉత్తరం, అవతల జవాబివ్వలేని గురువు. ఆ ఉత్తరంలో ఏ మాట దగ్గర కలం ఆగితే అక్కడ పాత సంఘటన లేస్తుంది. పుట్టుక, పేదరికం రెండు వాక్యాల్లో సరిపోతాయి.

నిడివి 55 నిమిషాలు దాటనివ్వకండి. పాటలకి, కదలికలకి, మౌనాలకి పన్నెండు నిమిషాలు పోతే మాటకి మిగిలేది 43. విరామాలతో కలిపి తెలుగు సంభాషణ వేదిక మీద నిమిషానికి 75–80 పదాలే నడుస్తుంది. అంటే స్క్రిప్టు 3,400 పదాలకి మించకూడదు. ఇంట్లో కూర్చుని గడగడా చదివి గడియారం చూసుకుంటే లెక్క తప్పుతుంది, నడుస్తూ చదవండి. సంఘటనలన్నిటికీ సమానంగా పంచకండి కూడా. స్టార్ థియేటర్ కథకి (అది కింద వరంగల్ జవాబులో ఉంది) పదిహేను నిమిషాలు ఇవ్వండి. 1875లో లక్నోలో, నీలిమందు దొరల దౌర్జన్యాల మీద రాసిన 'నీల్ దర్పణ్' నాటకం ఆడుతుంటే తెల్లవాళ్ళు ఆగ్రహించి వేదిక మీదికి ఎక్కిన గొడవకి ఐదు చాలు.

నాకు యాభై దాటాయి. పదకొండేళ్ళ పిల్లగా గొంతు మారుస్తుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. (గుంటూరు)

మార్చకండి. 1912లో బినోదినికి 49. ఈ పాత్రకి మీ వయసే సరైన వయసు. పిల్ల గొంతు పెట్టగానే జనం నవ్వుతారు, ఆ నవ్వు తర్వాతి పది నిమిషాల్నీ తినేస్తుంది. గొంతు మీదే ఉంచి శరీరంలో రెండే మార్పులు చేయండి: పాదాలు దగ్గరగా చేర్చి నిలబడటం, ఊపిరి పొట్ట నుంచి కాకుండా పై ఛాతీ నుంచి తీసుకోవడం. దీపాల వరుస, వేల కళ్ళు చూసి చెమటలు పట్టాయని ఆమె రాసుకుంది. ఆ పిల్లని యాభై ఏళ్ళ మనిషి గుర్తుచేసుకుంటోంది, అంతే.

స్టార్ థియేటర్ సన్నివేశం ఎంత ఏడ్చి చేసినా తేలిపోతోంది. ఎక్కడ తప్పుతున్నాం? (వరంగల్)

ఏడవడంలోనే. ముందు జరిగింది వరుసగా చూడండి. గుర్ముఖ్ రాయ్ అనే ధనిక మార్వాడీ యువకుడు బినోదిని కావాలన్నాడు. ఆమె తనతో ఉంటేనే కొత్త థియేటర్‌కి డబ్బు పెడతానన్నాడు. నాటకం వదిలేస్తే యాభై వేలు ఇస్తానన్నాడని ఆమే రాసుకుంది. ఆ డబ్బు వద్దంది, థియేటర్ కట్టించమంది. తోటి నటులు ఆమెకొక ఆశ పెట్టారు: హాలుకి నీ పేరొస్తుంది, 'బి' థియేటర్ అని. కలకత్తా బీడన్ వీధిలో కట్టడం జరుగుతుంటే తానే మట్టి తట్టలు మోసింది. రిజిస్ట్రేషన్‌కి వెళ్ళొచ్చినవాళ్ళని ఏం పేరు పెట్టారని అడిగితే 'స్టార్' అన్నారు. అది విని కూలబడ్డానని, రెండు నిమిషాలు నోట మాట రాలేదని, తర్వాత తేరుకుని సరే అన్నానని రాసింది. 1883 జూలై 21న ఆ హాలు 'దక్షయజ్ఞం'తో తెరుచుకుంది, సతి వేషం ఆమెదే.

కాబట్టి మీ దగ్గర ఉండాల్సింది కన్నీళ్ళు కాదు, తట్ట. వెదురు తట్టలో మూడు కిలోల జల్లించిన మట్టి పోయండి. ప్రదర్శనకి గంట ముందు మట్టిమీద నీళ్ళు చిలకరించి కలపండి. పొడి మట్టయితే దుమ్ము లేచి గొంతులోకి పోతుంది, తర్వాతి పాట పోయినట్టే. మరీ తడిస్తే నేల జారుతుంది. పోసే చోట నేల రంగు గుడ్డ పరచండి, హాలువాళ్ళతో పేచీ ఉండదు. తట్ట మూడుసార్లు మోయాలి. మొదటిసారి పాట పాడుతూ, రెండోసారి మేస్త్రీతో వేళాకోళమాడుతూ, మూడోసారి ఒక్క మాట లేకుండా. మూడో తట్టని వేదిక మధ్యలో దించే క్షణంలోనే పేరు అడగాలి.

'స్టార్' అన్న మాట తానే పలకకూడదు. విన్నట్టు చెవి కొద్దిగా తిరగాలి, అంతే. ఆపైన మౌనం. ఆమె రాసినట్టు రెండు నిమిషాలు ఉంచితే హాల్లో దగ్గులు మొదలవుతాయి; 35–40 సెకన్లు సరిపోతాయి. మనసులో అంకెలు లెక్కపెడితే కళ్ళలో తెలిసిపోతుంది. ఎనిమిది నిదానమైన శ్వాసలు పీల్చండి, సమయం సరిపోతుంది. చేతులు ఒక్క పని చేయాలి: అరచేతిలో అంటిన మట్టిని బొటనవేలితో నెమ్మదిగా రాలుస్తూ ఉండటం.

ఈ చోట తరచూ జరిగే ప్రమాదాలు రెండు. నటి మాట మరిచిపోయిందనుకుని సౌండ్ మనిషి వీణో వేణువో వదులుతాడు. దృశ్యం అయిపోయిందనుకుని లైట్ మనిషి డిమ్మర్ దించుతాడు, జనం చప్పట్లు కొడతారు. క్యూ షీటులో (ఎప్పుడు ఏ లైటు, ఏ సౌండు అని రాసుకునే కాగితం) ఆ వరుసకి ఎర్ర గీత గీసి 'మౌనం, ఏదీ తాకవద్దు' అని రాయండి. రిహార్సల్‌లో ఆ 40 సెకన్లు వాళ్ళిద్దరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి.

గిరీశ్, గుర్ముఖ్, తల్లి, ఇంతమందితో ఒక్కతే మాట్లాడాలంటే మిమిక్రీలా అయిపోతోంది. (కాకినాడ)

అటు తిరిగి ప్రశ్న, ఇటు తిరిగి జవాబు అన్న పద్ధతి వల్ల వచ్చే రోగం ఇది. కనబడని మనిషికి గొంతు ఇవ్వకండి, చోటు ఇవ్వండి. గిరీశ్ ఎప్పుడూ ప్రేక్షకుల్లో ఎడమ పక్క, మీ కళ్ళకన్నా జానెడు ఎత్తున. గుర్ముఖ్ కుడి పక్క, కళ్ళకి సమానంగా. తల్లి కింద, పీట మీద. నాటకమంతా ఆ చోట్లు మారకూడదు. అభ్యాసానికి హాలు గోడ మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకోండి. వాళ్ళ మాట మీరు చెప్పరు, వింటారు. విన్న మాట మీ జవాబులో తెలిసిపోవాలి. 'యాభై వేలా? అంత డబ్బు పెట్టి నాచేత ఏం మాన్పిస్తావు?' అంటే గుర్ముఖ్ ఏమన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

పరిషత్తుల్లో మనం చూసే దుర్యోధన ఏకపాత్ర వేరు, అక్కడ ఒకే మనిషి, ఒకే మూడ్. ఇక్కడ బినోదినే పాత్రలు మార్చడంలో దిట్ట. 'మేఘనాద వధ'లో ఒక్క రాత్రి ప్రమీల, సీత, రతి సహా ఏడు పాత్రలు కట్టింది. ఆ ఏడింట్లో మూడింటిని ఒక నిమిషంలో మార్చి చూపే చోటు ఒకటి పెట్టుకోండి. నటిగా ఆమె సత్తా మాటల్లో చెప్పే బాధ తప్పుతుంది.

చీరకట్టు, చైతన్యుడి వేషం వేదిక మీదే ఎలా మార్చాలి? (మచిలీపట్నం)

ఐదున్నర మీటర్ల సన్న అంచు నేత చీర, తెలుపు కాదు, మీగడ రంగు. బెంగాలీ తాంత్ (చేనేత నూలు) చీర గంజికి బిర్రబిగుసుకుని ఉబ్బుతుంది, నేల మీద కూర్చుని లేస్తే నలిగిపోతుంది. మంగళగిరి కాటన్ మెత్తగా ఒదుగుతుంది, దూరం నుంచి తేడా తెలియదు. పట్టు వద్దు, మైకులో సరసరలాడుతుంది. మనలా ముందు సన్న కుచ్చిళ్ళు పోస్తే బెంగాల్ పోతుంది. నడుం దగ్గర వెడల్పు మడతలు రెండే వేసి దోపాలి. కొంగు ఎడమ భుజం మీదుగా వెనక్కి వదిలి, కుడి చంక కింద నుంచి ముందుకి తెచ్చి, మళ్ళీ ఎడమ భుజం మీదికే వేయాలి. చివర తాళంచెవుల గుత్తి ముడివేస్తారు. ఆ గుత్తి మోగకుండా లోపల దూది కుక్కండి, మోగాల్సిన చోట వేరే గుత్తి చేత్తో ఆడించవచ్చు.

'చైతన్యలీల' (1884)లో ఆమె కట్టిన చైతన్యుడి (బెంగాలీ వైష్ణవ సన్యాసి) వేషం కోసం బోడిగుండు టోపీ, విగ్గు తగిలించకండి. టోపీ అంచు చెమటకి లేస్తుంది, ముందు వరుసవాళ్ళకి అదొక్కటే కనబడుతుంది. రెండుంబావు మీటర్ల కావి ఉత్తరీయం మొదటి నుంచీ కుర్చీ వీపు మీద మామూలు గుడ్డలా వేలాడనివ్వండి. పాట మొదటి చరణంలో కొంగు నడుముకి దోపి, ఉత్తరీయం ఎడమ భుజం మీదుగా వేసి కుడి పక్క ముడి వేయాలి. పన్నెండు సెకన్లలో అయిపోవాలి, రోజూ గడియారం పెట్టుకుని ఇరవైసార్లు చేయండి. కీర్తనకి ఖోల్ (బెంగాలీ మట్టి మృదంగం), కరతాళాలు చాలు. రికార్డు పెట్టి పెదాలు కదపడం కన్నా రెండు పంక్తులు సొంత గొంతుతో పాడటం మేలు.

1884 సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస ఈ నాటకం చూసి ఆమెని దీవించిన ఘట్టం అందరూ పెడతారు, పెట్టండి. ఆయన గొంతు మాత్రం స్పీకర్లలో వినిపించకండి. తల మీద చెయ్యి పడినట్టు మెడ వంగితే చాలు. దానికన్నా నాకు ముఖ్యమనిపించేది 1885 నాటి ఇంకో ఘట్టం. జబ్బుపడి కలకత్తా శ్యాంపుకూర్‌లో ఉన్న ఆయన్ని చూడటానికి శిష్యులు రానివ్వరని, కోటూ టోపీ వేసుకుని దొర వేషంలో వెళ్ళింది. ఆయన గుర్తుపట్టి నవ్వాడు. పుణ్యకథలా చెప్పకుండా నటి కథలా చెప్పాలంటే ఇదే పట్టు. ఆ టోపీ బల్ల సొరుగులో దాచండి.

ఆనాటి గ్యాసు దీపాల వెలుగు తెప్పించాలంటే? మైకు ఎక్కడ? (హైదరాబాద్)

వేదిక అంచున జానెడు ఎత్తు చెక్క వెనక మూడు ఎల్‌ఈడీ పార్‌లు (వేదిక లైట్లు) అంబర్ (పసుపు నారింజ) రంగులో పెట్టి, 15–20 శాతం దాటనివ్వకండి. దాటితే ముక్కు నీడ నుదుటికి పాకి మనిషి దెయ్యంలా కనబడుతుంది, వెనక తెర మీద పెద్ద నీడ లేస్తుంది. ముఖానికి అసలు వెలుగు ముందు నుంచి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో రావాలి, 60–70 శాతం. నటి అంచుకి ఐదడుగులు లోపలే ఉండాలి. ఈ కింది దీపాలు 1870–80ల ఘట్టాలకే వాడండి. 1912 బల్ల దగ్గర బల్లదీపం ఒక్కటే.

కాలర్ మైకు ఈ చీరకట్టుకి పనికిరాదు, కొంగు రెండుసార్లు దాని మీదుగానే పోతుంది. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట పాపిట్లో అమర్చి, వైరు జడలోంచి దించండి. చెమటకి టేపు ఊడకుండా ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవాలి. ప్రతి ప్రదర్శనకీ కొత్త బ్యాటరీలు వేయండి, నిన్నటివి గంట వస్తాయిలే అనుకోకండి.

ఆత్మకథలోని వాక్యాలు వాడటానికి అనుమతి కావాలా? (తిరుపతి)

బెంగాలీ మూలానికి అక్కర్లేదు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు హక్కు. ఆమె 1941లో పోయింది కాబట్టి 2001తో తీరిపోయింది. కానీ ఇంగ్లీషు అనువాదం అనువాదకురాలి సొత్తు. దాన్నుంచి తెలుగు చేసుకుంటే రాతపూర్వక అనుమతి తప్పదు. బెంగాలీ తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని మూలం నుంచే చేసుకోండి.

చివర్లో స్టార్ థియేటర్ ఫొటో తెర మీద చూపిద్దామనుకుంటున్నాం. బాగుంటుందా? (విశాఖపట్నం)

ఏ స్టార్? ఆమె మట్టి మోసిన బీడన్ వీధి హాలు ఇప్పుడు లేదు, సెంట్రల్ అవెన్యూ రోడ్డు వేసినప్పుడు పోయింది. ఫొటోల్లో కనబడేది 1888లో కలకత్తాలోనే హాతీబాగాన్‌లో కట్టిన రెండో స్టార్, అప్పటికే ఆమె నాటకం మానేసింది. అది 1991లో కాలిపోతే మళ్ళీ కట్టారు. దానికి బినోదిని పేరు పెడుతున్నట్టు బెంగాల్ ముఖ్యమంత్రి 2024 డిసెంబరు చివర్లో ప్రకటించారు. చూపించాలనే ఉంటే కింద 'హాతీబాగాన్' అని స్పష్టంగా వేయండి. ప్రొజెక్టర్ వెలుగు నటి ముఖం మీద పడకుండా తెరని ఆమె తలకన్నా రెండడుగులు పైకి కట్టించండి.