వంగిన పలక, వంచిన పలక

సందేహం: కంపనాలను అదుపుచేసే పీజోఎలక్ట్రిక్ పలకల గురించి, వాటి పనితీరును కంప్యూటర్‌లో లెక్కగట్టడం గురించి వ్యాసం రాస్తున్నాను. అందులో ‘దూలానికి అతికించబడిన పలకలచే కంపనాలు గ్రహించబడి, తగ్గించబడతాయి’ అన్నాను. ‘బడు’ తీసేయమని మిత్రుడి సలహా. తీసేస్తే ఏది ఏం చేసిందో తెలియకుండా పోదా? శాస్త్ర రచనకు కర్మణి ప్రయోగం తప్పదు కదా?

సమాధానం: ‘బడు’ ఉన్నందువల్ల మాత్రం తెలిసిందా? మీ వాక్యం చదివితే కంపనాన్ని గ్రహించే పలకా, తగ్గించే పలకా ఒకటే అనిపిస్తుంది. మామూలుగా అవి వేర్వేరు: గ్రహించేది సెన్సర్, తగ్గించేది యాక్చుయేటర్. (సెన్సర్, యాక్చుయేటర్‌లకు అచ్చతెలుగు మాటలు వెతకమని మీరు అడగలేదు. సంతోషం.)

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. పీజోఎలక్ట్రిక్ గుణం అంటే ఇదే. విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మారాలని 1881లో భౌతిక శాస్త్రవేత్త లిప్‌మన్ సిద్ధాంతరీత్యా ఊహించాడు. సోదరులు ఆ ఏడాదే దాన్ని ప్రయోగంతో నిర్ధారించారు. మొదటిది సెన్సర్‌కు ఆధారం, రెండోది యాక్చుయేటర్‌కు. ఈ రెంటినీ విడదీసి చెప్పే క్రియలు తెలుగులో జంటలుగానే ఉన్నాయి: వంగు–వంచు, ఊగు–ఊపు, ఆగు–ఆపు. సెన్సర్ వంగుతుంది, యాక్చుయేటర్ వంచుతుంది. ‘బడు’ చేర్చగానే ఈ తేడా మాసిపోతుంది.

‘అతికించబడిన పలక’కు ‘అతికించిన పలక’ చాలు. ‘రాసిన ఉత్తరం’ అంటే ఉత్తరమే ఏదో రాసిందని ఎవరూ అనుకోరు. కానీ మీ విషయంలో నిజంగానే ఒక చిక్కుంది, అక్కడ మీ అనుమానం సబబే. ‘దూలం వంచిన పలక’ అంటే దూలం వల్ల వంగినదా, దూలాన్ని వంచినదా? రెండూ పొసగుతాయి. జడపదార్థాల పేర్ల తర్వాత ‘ని’ వదిలేయడం మనకు అలవాటు. ‘ఉత్తరం రాశాను’ అంటాం. ఇక్కడ మాత్రం వదలకండి. యాక్చుయేటర్ అయితే ‘దూలాన్ని వంచిన పలక’, సెన్సర్ అయితే ‘దూలంతోపాటు వంగిన పలక’. చిక్కు విడిపోయింది, ‘బడు’ అవసరమే రాలేదు.

లెక్కల భాగంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. నిర్మాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో బిందువు ఎంత జరిగిందో కనుక్కుంటారు. పలకలున్నచోట వోల్టేజి కూడా సమీకరణాల్లోకి వస్తుంది. యాంత్రిక, విద్యుత్ రాశులను కలిపే గుణకాలు రెండు దిశలకూ అవే. సెన్సర్ దగ్గర వోల్టేజి మనం కనుక్కోవలసినది, యాక్చుయేటర్ దగ్గర మనం ఇచ్చినది. ‘వోల్టేజి లెక్కించబడుతుంది’ అని ఊరుకుంటే పాఠకుడికి ఏ పలక సంగతో అంతుపట్టదు. అన్నట్టు, ‘కనుక్కుంటారు’ అన్నప్పుడు ఎవరు అని మీరు అడిగారా? కర్త ఎవరైనా ఫరవాలేదన్నచోట తెలుగు వాడే పద్ధతి ఇదే.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘దూలం మీద రెండు పలకలు అతికిస్తారు. దూలం వంగినప్పుడు మొదటి పలకలో వోల్టేజి పుడుతుంది. అది మారే వేగాన్ని బట్టి రెండో పలకకు వోల్టేజి ఇస్తే, ఆ పలక దూలాన్ని కదలికకు ఎదురుగా వంచి ఊగడాన్ని తగ్గిస్తుంది.’ పొడవు పెరిగింది, నిజమే.

కనబడు, ఏర్పడు వంటివి కర్మణి ప్రయోగాలు కావు. మిత్రుడి మాట విని వాటినీ కొట్టేయకండి.