పెన్షన్ ఆపేస్తే తాగుడు ఆగుతుందా?

"పెన్షన్ డబ్బంతా మందుకే పోతోంది, అది ఆపేస్తే ఆరోగ్యమన్నా బాగుపడుతుంది కదా?" అని ఒకరు అడిగారు. మా బాబాయి సంగతి చెప్తాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పెన్షన్ రాకముందు బాబాయి కూలి డబ్బులతో తాగేవాడు. వచ్చాక మారిందల్లా తారీఖులే. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతికిస్తారు. సాయంత్రానికి క్వార్టర్ సీసా, వారానికల్లా జేబు ఖాళీ.

2024 జూలై 1న పెన్షన్ 4,000 చేసి, మూడు నెలల బకాయి కలిపి 7,000 ఇచ్చారు. ఆ నెల పది రోజులు వరసగా తాగాడు. తర్వాత చేతిలో పైసా లేదు, అప్పిచ్చేవాళ్లూ లేరు. ఒక రోజంతా తాగకపోయేసరికి మానేశాడని పిన్ని సంబరపడింది. మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం టీ లుంగీ మీదే పోసుకున్నాడు. కాసేపటికే ఫిట్స్! ఆస్పత్రిలో డాక్టర్ మొదట అడిగింది, "చివరిసారి ఎప్పుడు తాగాడు?" అని. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగితే ఇలా అవుతుందట, ప్రాణం మీదకీ వస్తుందట. డబ్బు ఆపితే చాలు అని ఎవరన్నా అంటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత పిన్ని డబ్బు తన దగ్గర పెట్టుకుని రోజుకు వంద ఇచ్చింది. తాగడం కాస్త తగ్గింది గానీ, మిగతాది ఎక్కడ దాచావని రోజూ గొడవే. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. కెనడాలో వాంకూవర్‌లో మత్తుమందులు వాడేవాళ్లకు ప్రభుత్వ సాయాన్ని విడతలుగా, వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారట. ప్రభుత్వ సాయం చెక్కులిచ్చే రోజుల్లో వాడకం తగ్గింది, కానీ కొందరిలో ఓవర్‌డోస్‌లు, కొట్లాటలు పెరిగాయి. అది చదువుతుంటే నాకు పిన్నే కళ్లముందు మెదిలింది.

మాకు పనికొచ్చింది చిన్న ఏర్పాటు. ఒకటో తేదీన ఇద్దరూ కలిసే మెడికల్ షాపుకెళ్లి నెలకు సరిపడా బీపీ మాత్రలు కొంటారు, కిరాణా ఖాతా కడతారు. మిగిలింది బాబాయి చేతికే, అది ఆయన డబ్బు కాబట్టి. దాంతోపాటు తాగుడు తగ్గడానికి సైకియాట్రీ ఓపీలో మందులు రాయించాం. పూర్తిగా మానలేదు. కానీ మళ్లీ ఫిట్స్ రాలేదు, బీపీ మాత్రలు మధ్యలో ఆగట్లేదు.

మీవాళ్లకు డబ్బు అయిపోయిన రోజుల్లో వణుకు, చెమటలు కనిపిస్తే మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాన్పించడం గురించి అడగడానికి 14446 హెల్ప్‌లైన్ నంబర్ ఉంది, ఉచితమే.