వెంటిలేటర్ తీసినా నాయనకు ఆయాసం తగ్గలేదంటే

తమ్ముడూ, నెల్లూరులో పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి కావలికి తిరిగొచ్చిన మీ నాయన బాత్రూం దాకా నడిస్తేనే ఆయాసపడుతున్నారని, ఎక్స్‌రే మాత్రం బాగుందన్నారని రాశావు. ఒంగోలులో ఫిజియోథెరపీ చేస్తాను, ఇలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ఊపిరితిత్తులు బాగుపడ్డా ఊపిరి లాగే కండరం నీరసించి ఉండొచ్చు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్ అది. మిషనే గాలి కొడుతుంటే దానికి పని తగ్గిపోతుంది. వెంటిలేటర్ మీద ఆ కండరం 18 నుంచి 69 గంటలు పూర్తిగా కదలకుండా ఉన్నా చాలు, దాని పోగులు సన్నబడ్డాయని 2008లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. కాళ్లు చిక్కితే కంటికి కనిపిస్తుంది, ఇది కనపడదు.

అందుకే రెస్ట్ పేరుతో రోజంతా పడుకోబెట్టొద్దు. తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టు. ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి ఉంటారు కదా, చాలామంది దాన్ని ఊదేస్తుంటారు. ఊదకూడదు. పెదవులు గొట్టానికి గట్టిగా ఆనించి నెమ్మదిగా లోపలికి పీల్చి, బంతి లేచాక రెండు మూడు సెకన్లు ఆపాలి. తల తిరిగితే అప్పటికి ఆపేయాలి. ఈ స్పైరోమీటర్ ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి. కండరానికి బలం రావాలంటే స్ప్రింగ్ బిగువుకు ఎదురుగా పీల్చే చిన్న పరికరం వేరే ఉంటుంది, బిగువు ఎంత పెట్టాలో ఫిజియోనే కొలిచి చెప్పాలి.

వరండాలో నాలుగడుగులు వేయించు, వేలికి ఆక్సీమీటర్ ఉంచు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం పెరిగినా, కాళ్లు వాచినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఆక్సిజన్ ఎంతకు తగ్గితే నడక ఆపాలో డాక్టర్‌నే అడిగి ఇక్కడ రాయి, మిగతాది చెప్తాను.